ఒకసారికి ఒక్కటే మార్పు

మనిషి దిగలేని లోతుల్లోకి మనిషికి బదులు దిగి చూసొచ్చే యంత్రం ఆర్‌ఓవీ. గట్టుమీదో పడవలోనో కూర్చుని లాప్‌టాప్‌లో చూస్తూ దాన్ని నడుపుతారు. ఈ జాతిలో బాగా వాడుకలో ఉన్నది అమెరికాలోని బ్లూ రోబోటిక్స్ తయారుచేసే బ్లూఆర్‌ఓవీ2. నీళ్లను తోసి దాన్ని కదిలించేవి ఆరు త్రస్టర్లు. పైనున్న మనిషితో దాన్ని కలిపే బొడ్డుతాడు టెథర్ అనే సన్నని కేబుల్. ఈ రెంటిలో ఏది మొరాయించినా, చేయి తిరిగిన మెకానిక్ లోపాన్ని పట్టుకునే తీరు చూసి తీరవలసిందే.

అతనికి చేతికంటే ముందు చెవి పనిచేస్తుంది. కరెంటు అందగానే త్రస్టర్లు కూనిరాగం తీస్తాయి. వాటిలో స్పీకరేమీ లేదు. మోటారును నడిపే ఈఎస్‌సీ ఆ మోటారు తీగచుట్టలనే కంపింపజేసి స్వరాలు పలికిస్తుంది. మొదటి మూడు స్వరాలు కరెంటు అందిందని చెబుతాయి. ఆ తర్వాతి రెండూ సిగ్నల్ కూడా అందిందని చెబుతాయి. మూడు పలికి ఆగిపోతే అతను మోటారు జోలికి పోడు, సిగ్నల్ తీగ వెతుకుతాడు. స్క్రూడ్రైవర్ ముట్టకుండానే సగం అనుమానాలు తీరిపోతాయి.

స్వరాలన్నీ పలికినా మోటారు తిరగలేక గిలగిల కొట్టుకుంటే, దాని మూడు తీగల్లో ఒకటి తెగి ఉండవచ్చు. లోపం మోటారుదా, ఈఎస్‌సీదా? ఆ మోటారును తీసి, బాగా నడుస్తున్న పక్క ఈఎస్‌సీకి కలుపుతాడు. జబ్బు మోటారు వెంటే వెళితే మోటారుది, వెళ్లకపోతే ఈఎస్‌సీది. మూడింటిలో ఏ రెండు తీగలు తారుమారైనా మోటారు వెనక్కి తిరుగుతుంది కనుక విప్పేముందే గుర్తులు పెట్టుకుంటాడు. ఆ సమయంలో ఇంకే తీగా ముట్టడు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే యంత్రం నడవవచ్చు, ఎందుకు నడిచిందో మాత్రం తెలియదు. కారణం తెలియని మరమ్మతు నడి నీళ్లలో మళ్లీ మొదటికొస్తుంది.

మోటారులోకి నీళ్లు పోకూడదని మనం అనుకుంటాం. ఇందులోని టీ200 త్రస్టర్‌ను రూపొందించినవాళ్లు నీళ్లను లోపలికి రానిచ్చారు. తీగచుట్టలకు ఎపాక్సీ పూత పూసి, ప్లాస్టిక్ బేరింగులు అమర్చారు. మోటారును చల్లబరిచేదీ నీరే, బేరింగులకు కందెనా నీరే. అది ఎరిగినవాడు కనుక మెకానిక్ దాన్ని గట్టుమీద కొద్ది క్షణాలకు మించి తిప్పడు. బ్యాటరీ తీసేసి ప్రొపెల్లర్‌ను వేలితో మెల్లగా తిప్పి చూస్తాడు. గరగరమంటే అయస్కాంతాలకు ఇసుక పట్టిందన్నమాట. మన భీమిలి తీరపు నల్ల ఇసుకలోనూ అయస్కాంతానికి అతుక్కునే రేణువులున్నాయి.

ఇక కనెక్షన్. లాప్‌టాప్ చిరునామా 192.168.2.1, యంత్రానిది 192.168.2.2. ముందు యంత్రం చిరునామాకు పింగ్, అంటే జవాబు కోరే చిన్న సందేశం, పంపుతాడు. జవాబొస్తే టెథర్‌ను వదిలేసి లోపలి ఆటోపైలట్ వైపు చూస్తాడు. రాకపోతే లాప్‌టాప్ సెట్టింగులు సరిచూసి, టెథర్‌ను తప్పించి మూరెడు తీగతో కలుపుతాడు. అప్పుడు జవాబొస్తే దొంగ టెథర్‌లోనే ఉన్నాడు.

అక్కడ మల్టీమీటరు తీస్తాడు. టెథర్‌లోవి 26 గేజి రాగి తీగలు. రెండు కొసలూ విడదీసి, 100 మీటర్ల టెథర్ అవతలి కొసన జత తీగలను ముడేస్తే ఇవతల సుమారు 27 ఓములు చూపాలి. ముడేయకుండానే 8 ఓములు చూపితే, దాదాపు 30 మీటర్ల దగ్గర రెండు తీగలూ ఒకదానికొకటి తగులుతున్నట్టే. వంద మీటర్ల కేబులులో చెడిన చోటు చిన్న భాగాహారంతో దొరికింది!

అన్నిటికన్నా మాయలమారి లోపం ఇంకొకటుంది. గట్టుమీద అంతా సవ్యంగా ఉంటుంది, నీళ్లలో జోరు పెంచగానే వీడియో ఆగిపోతుంది. అందరూ టెథర్‌నే తిడతారు. అతను బ్యాటరీ కనెక్టరు వేడెక్కిందేమో చూస్తాడు. పూర్తి జోరులో ఒక్కో త్రస్టరు 16 వోల్టుల దగ్గర 24 ఆంపియర్ల దాకా లాగుతుంది. కొన్ని కలిసి లాగినప్పుడు, కనెక్టరు వదులుగా ఉంటే వోల్టేజి పడిపోయి లోపలి కంప్యూటరు ఆగి మళ్లీ మొదలవుతుంది. నొప్పి ఒకచోట, మందు ఇంకోచోట.

లోపం దొరికింది, తీగ బాగుపడింది. ఇక దింపేద్దామని చుట్టూ ఉన్నవాళ్లు తొందరపడతారు. అతను మాత్రం ఎలక్ట్రానిక్స్ గొట్టంలోకి నీరు చొరబడకుండా ఆపే ఓ-రింగు మీద వెంట్రుక కూడా లేకుండా తుడిచి, పలుచగా సిలికాన్ గ్రీజు రాసి మూత బిగిస్తాడు. చేతిపంపుతో లోపలి గాలిని 10 అంగుళాల పాదరసం మేర లాగేసి 15 నిమిషాలు ఆగుతాడు. బాగుచేయడానికి ఆ మూత తెరిచింది తనే. అందుకే ఇప్పుడు తన పనినే అనుమానిస్తాడు. చుట్టూ ఎంత సందడి ఉన్నా అతని కళ్లు గేజి ముల్లు మీదే ఉంటాయి. అది కదలలేదని తేలాకే యంత్రాన్ని నీళ్లలోకి వదులుతాడు.