ఎవరి వాన? ఎవరి కోరిక?

కథలో వానొచ్చిందంటే పాత్ర గుండెల్లో ఏదో దాగుందని అర్థం చేసుకోవడం మనకి అలవాటైపోయింది. ఉక్కపోత అంటే బయటపడని కోరిక, ఉరుమంటే ఆపుకోలేని కోరిక, వాన వెలిసిందంటే కోరిక తీరిందని. క్లాసురూముల్లో ఇట్లాగే చెప్తారు, సమీక్షల్లో ఇట్లాగే రాస్తారు. ఈ పద్ధతి తప్పని మేం అనడం లేదు. కానీ వాన ప్రతీక కావాలంటే ముందు ఆ వానలో తడవకుండా కూర్చునే చోటొకటి ఉండాలి. ఆ చోటు ఎవరికుంది, ఎవరికి లేదు అనే ప్రశ్న ఈ పద్ధతిలో లేదు. ఆ ప్రశ్నని మేం వేస్తున్నాం. అందుకు ఈ పద్ధతికి బాగా అమిరే కథనే తీసుకుంటున్నాం.

అమెరికన్ రచయిత్రి కేట్ షోపాన్ (1850-1904) 'ది స్టార్మ్' కథని 1898లో రాసింది. ఆమె బతికుండగా అది అచ్చు కాలేదు. 1969లో పెర్ సెయెర్‌స్టెడ్ ఆమె రచనలన్నీ కలిపి తెచ్చిన సంపుటంలో మొదటిసారి వెలుగు చూసింది. లూసియానా పల్లెలో బొబినో అనే చిన్న రైతు నాలుగేళ్ళ కొడుకు బిబితో దుకాణానికెళ్ళి తుఫానుకి అక్కడే చిక్కుకుంటాడు. ఇంట్లో భార్య కలిక్స్తా ఒంటరిగా కుట్టుపని చేసుకుంటోంది. ఆరేసిన బట్టలు తీయబోతుంటే అల్సే గుర్రమ్మీద వస్తాడు. అతను తోటల యజమాని. ఒకప్పుడు వాళ్ళిద్దరూ ఒకరి మీదొకరు మనసుపడ్డవాళ్ళు. దగ్గర్లో చెట్టుమీద పిడుగు పడుతుంది, ఆమె తూలుతుంది, అతను పట్టుకుంటాడు. తుఫాను ఉధృతితోపాటే వాళ్ళ కలయిక సాగి, దానితోపాటే ముగుస్తుంది. బురద తొక్కుకుంటూ వచ్చిన మొగుడికీ కొడుక్కీ ఆమె సంబరంగా ఎదురొస్తుంది. అల్సే ఊరెళ్ళిన తన భార్య క్లారిస్‌కి మరో నెల అక్కడే ఉండొచ్చని ప్రేమగా ఉత్తరం రాస్తాడు. అందరూ సుఖంగా ఉన్నారన్నట్టు కథ ఐపోతుంది.

పెళ్ళైన స్త్రీ కోరికని పాపమనకుండా, శిక్ష వెయ్యకుండా వదలడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. స్త్రీవాద విమర్శ ఈ కథని ఎత్తిపట్టడం న్యాయమే. దాన్ని మేం తగ్గించం. అయితే ఆ ఇంట్లో ఆ ఏకాంతం ఎట్లా దొరికింది?

కథ మొదట్లో దుకాణం దగ్గర తండ్రీకొడుకులు మాట్లాడుకుంటారు. అమ్మ భయపడుతుందేమోనని కొడుకు. సిల్వీ సాయానికొచ్చి ఉంటుందిలే అని తండ్రి. లేదు, సిల్వీ వచ్చింది నిన్న అని కొడుకు. అంతే, సిల్వీ మళ్ళీ కనపడదు. ఆమె రంగేమిటో కథ చెప్పదు. ఇంకొకరి ఇంటికొచ్చి పనిలో సాయం చేసిపోయే మనిషని మాత్రం తెలుస్తుంది. ఆమె ఆ రోజు పనికొచ్చుంటే ఈ కథే లేదు. మరి అదే తుఫాను సిల్వీ ఇంటిమీద కూడా పడి ఉంటుంది గదా? ఆమె కప్పు నిలిచిందా, లేచిపోయిందా? ఆ ఉరుములకి ఆమెకి ఎవరు గుర్తొచ్చారు? కథ అడగదు. ప్రతీకల వెంట పరిగెత్తే విమర్శా అడగదు.

ఈ కథకి ముందుభాగం 'ఎట్ ది కేడియన్ బాల్' 1892లో వచ్చింది. అందులోనూ గాలివాన ఉంది. అల్సే తొమ్మిది వందల ఎకరాల్లో వరి వేస్తాడు, గాలివాన దాన్ని నేలమట్టం చేస్తుంది. అతను నోరు మెదపకుండా తిరిగి, చివరికి కలిక్స్తా ఉండే నాట్యానికి బయల్దేరతాడు. పంటనష్టం దొర గుండెలో కోరికగా మారింది. కానీ తొమ్మిది వందల ఎకరాలు ఒక్కడు సాగుచెయ్యడు. ఆ మడుల్లో దిగినవాళ్ళకి గాలివాన ఏం మిగిల్చిందో మనకి తెలీదు. 1977 దివిసీమ ఉప్పెన చూసిన నేల మనది. పల్లపు చోట గుడిసెలేసుకున్నవాళ్ళకి తుఫాను ఏ ప్రతీకగా కనపడుతుంది?

అదే కథలో ఇంకో సంగతుంది. కలిక్స్తా తల్లి క్యూబా నుంచొచ్చింది. ఆ స్పానిష్ రక్తం వల్లే ఈ పిల్లకి ఉడుకెక్కువని, అందుకే చాలా తప్పులు క్షమించాలని ఊరంతా అనుకుంటారు. దొర కోరికకి పోయిన పంట కారణం, పేదింటి పిల్ల కోరికకి రక్తం కారణం. ఈ లెక్క మనకి కొత్తదా? మన కథల్లోనూ ఆధిపత్య కులాల నాయిక మనసు తెలియాలంటే బయట వాన కురవాలి. మాల, మాదిగ స్త్రీ దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు ఆమెనే వరద చేస్తారు, అడవి చేస్తారు. ఇంక ఆమెకి దాచుకునే మనసంటూ ఏం మిగుల్తుంది?

షోపానే రాసిన 'లా బెల్ జొరాయిద్' (1894) పక్కన పెట్టి చూస్తే ఈ తేడా కళ్ళకి కడుతుంది. ఉక్కపోత రాత్రి, గాలి కదలదు. పడుకున్న యజమానురాలికి నల్ల దాసి మన్నా లూలూ కథ చెప్తుంది. కథలోని జొరాయిద్ బానిస. పొలంలో పనిచేసే మెజోర్‌ని ప్రేమించింది. కోరికని గుండెలో దాచుకోలేదు, నోరు తెరిచి యజమానురాలిని అడిగింది. యజమానురాలు కాదంది. మెజోర్‌ని దూరదేశానికి అమ్మించారు. పుట్టిన బిడ్డని తీసేసి చచ్చిపోయిందన్నారు. ఆమె గుడ్డల మూట ఒళ్ళో పెట్టుకుని పిచ్చిదైపోయింది. ఇక్కడ ఏ ఉరుమూ ఆమె తరఫున ఉరమలేదు. ఉక్కపోత కూడా వింటున్న యజమానురాలిదే. బానిస కోరికకి అడ్డొచ్చింది ఆస్తి హక్కు. దానికి ప్రతీకలక్కర్లేదు, అమ్మకపు కాయితం చాలు.

'ది స్టార్మ్' రాసిన 1898లోనే లూసియానా కొత్త రాజ్యాంగం నల్లవాళ్ళ ఓటుని దాదాపు తుడిచిపెట్టింది. రైళ్ళలో రంగుని బట్టి వేరు పెట్టెలు పెట్టిన ఆ రాష్ట్ర చట్టాన్నే 1896లో ప్లెస్సీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో చట్టం తేల్చే చోట, తుఫాను మాత్రం ఇద్దర్ని ఒక కప్పు కిందకి చేర్చింది. ఏ ఇద్దర్ని అన్నది మనం చూడాలి.

వాతావరణం కోరికని మోసుకుపోవడం మన దగ్గరా పాతదే. కాళిదాసు యక్షుడి విరహాన్ని మేఘం మోసింది. మరి జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు తంజావూరు అరుంధతీసుతుడు మేఘాన్నెందుకు పిలవలేదు? అతనికి పెళ్ళాం లేదు, విరహం లేదు, చెప్పాల్సింది ఆకలీ అంటరానితనమూ. చెప్పాల్సింది గుళ్ళో ఉన్న దేవుడికి. గుళ్ళోకి పోగలిగేది గబ్బిలమే. జాషువా ప్రతీకని వదల్లేదు, తన వాళ్ళ బతుకు మోయగలిగిన ప్రతీకని వెతుక్కున్నాడు.

దళిత కథల్లో వాన ఉండకూడదని, కోరిక ఉండకూడదని మేం అనడం లేదు. ఆకలి గురించే రాయాలని వాడ మీద షరతు పెట్టడం ఇంకో రకం వెలి. కారే కప్పు కింద, నలుగురు పడుకునే ఒకే గదిలో కూడా కోరిక పుడుతుంది, దాక్కుంటుంది. అక్కడ ఉరుము వినపడ్డప్పుడు ఆమె చెయ్యి ముందు గిన్నె కోసం వెతుకుతుందో, పక్కనున్న మనిషి కోసం వెతుకుతుందో రాయాల్సింది సిల్వీ వైపు నుంచి చూసినవాళ్ళే. విమర్శకులుగా మేం చెయ్యగలిగిందొకటుంది. వాన కురిసే ప్రతి కథలోనూ ఆ రోజు పనికి రానిదెవరని అడుగుతాం.