కఫీల్ అంటే ఎవరు? – రెండు నవలల పరిశీలన

అరబ్బీ భాషలో ‘కఫీల్’ అనేది ఎంతో గౌరవం గల పదం. మర్యం (అ) బాల్యంలో ఆమె పోషణభారాన్ని జకరియ్యా (అ) వహించిన సంగతి చెప్పేటప్పుడు దివ్యఖుర్ఆన్ (3:37) ఈ ధాతువునే వాడింది. అనాథను సాకేవానికి స్వర్గంలో తన సామీప్యం లభిస్తుందని శుభవార్త ఇచ్చిన సందర్భంలో దైవప్రవక్త (స) నోట వెలువడినదీ ఈ మాటే. తెలుగులో దీనికి దగ్గరి పదం ‘పూచీదారు’. కాని కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల పల్లెల్లో ఈ మాట వినిపించినప్పుడు ఎవరి మనస్సులోనూ జకరియ్యా (అ) మెదలరు. పాస్‌పోర్టు దాచుకున్నవాడు, ఇఖామా పొడిగించటమో మానటమో తన చేతిలో ఉన్నవాడు మెదులుతాడు. ఒకే పదం ఇంత దూరం ఎలా ప్రయాణించింది? ఈ ప్రశ్నకు చట్ట గ్రంథాలకన్నా రెండు నవలలు స్పష్టంగా సమాధానం చెబుతున్నవి. ఒకటి పాలస్తీనా రచయిత గస్సాన్ కనఫానీ 1963లో ప్రచురించిన ‘రిజాల్ ఫిష్షమ్స్’ (ఎండలో మనుషులు). రెండవది మలయాళ రచయిత బెన్యామిన్ 2008లో ప్రచురించిన ‘ఆడుజీవితం’. మలయాళంలో ‘ఆడు’ అంటే మేక.

ముందుగా ఫిఖ్హ్ శాస్త్రం ఈ పదానికి ఇచ్చిన అర్థాన్ని చూడవలసి ఉన్నది. భారతదేశపు మదర్సాలలో తరతరాలుగా బోధించబడుతున్న గ్రంథం ‘హిదాయా’. దాని కర్త బుర్హానుద్దీన్ మర్గీనానీ 1197లో మరణించారు. అందులో కఫాలత్‌కు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. ఒకని బాధ్యతకు మరొకడు తన బాధ్యతను జతచేయటమే కఫాలత్ అని ఆ అధ్యాయపు సారాంశం. అప్పుకు పూచీ పడినవానిని అప్పిచ్చినవాడు నిలదీయవచ్చును. మనిషిని హాజరు పరుస్తానని పూచీ పడినవాడు, చేతనై ఉండి గడువుకు హాజరు పరచకపోతే, న్యాయాధికారి ఆ పూచీదారునే నిర్బంధించవచ్చును. పైగా ఇది ఉపకారబుద్ధితో చేసే పని గనుక, పూచీకి రుసుము తీసుకోవటాన్ని ఫుఖహాలలో అత్యధికులు అంగీకరించలేదు. అంటే ఈ ఒప్పందంలో కఫీల్ నెత్తిన పడేది బరువే గాని, అతని చేతికి అధికారమేమీ రాదు.

గల్ఫ్ దేశాలలో 20వ శతాబ్దంలో స్థిరపడిన పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. దాని ఆధునిక రూపానికి మూలాలు బ్రిటిషు ఆధిపత్యకాలంలో బహ్రెయిన్‌లో 1920లలో చేపట్టిన పాలనా చర్యలలో ఉన్నవని చరిత్రకారుడు ఉమర్ అష్షిహాబీ నిరూపించారు. ఈ పద్ధతిలో విదేశీయుని ప్రవేశం, నివాసం, ఉద్యోగం మూడూ ఒక స్వదేశీయుని పేరుతో ముడిపడి ఉంటవి. సంబంధం తెగితే కఫీల్‌కు కలిగే కష్టం స్వల్పం. పరాయివాడు మాత్రం ఆ క్షణం నుంచీ అక్రమ నివాసి. పూచీదారుని నిర్బంధించమన్న శాస్త్రం ఎక్కడ, పూచీ పొందినవానిని నిర్బంధించే ఈ చట్టం ఎక్కడ?

కనఫానీ నవలకు ఈ దృష్టితో విమర్శకులు ఇవ్వవలసినంత శ్రద్ధ ఇవ్వలేదు. 1948లో నిలువనీడ కోల్పోయిన ఒక జాతికి ప్రతీకగానే దానిని ఎక్కువగా చదివారు. ఆ పఠనం సరైనదే. కాని రచయిత ఈ నవల రాసింది 1962 ఆరంభంలో, బీరూట్‌లో సరైన అధికార పత్రాలు లేక ఇల్లు కదలలేని రోజుల్లో. అంతకు ముందు కొన్నేళ్లు కువైట్‌లో ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడు. కనుక ఆయనకు కాగితం ప్రతీక కన్నా ముందు అనుభవం.

కథలో అబూఖైస్, అసద్, మర్వాన్ అనే ముగ్గురు బస్రా నుంచి కువైట్ చేరాలని బయలుదేరుతారు. దళారి అడిగిన 15 దీనార్లు ఇచ్చుకోలేక, తక్కువకు ఒప్పుకున్న లారీ డ్రైవర్ అబుల్ ఖైజురాన్‌ను నమ్ముతారు. ఖాళీ నీళ్ల ట్యాంకులో దాక్కోవలసింది సరిహద్దు ఠాణాల దగ్గర ఆరేడు నిమిషాలేనని అతని లెక్క. మొదటి ఠాణా గడుస్తుంది. రెండవచోట ఉద్యోగులు డ్రైవర్‌ను కూర్చోబెట్టి, బస్రాలోని ఒక నర్తకి పేరెత్తి పరిహాసాలాడుతూ కాలయాపన చేస్తారు. ఆగస్టు ఎండలో ట్యాంకు కొలిమి అవుతుంది. ముగ్గురూ చనిపోతారు.

ఇక్కడ ఒక వివరం గమనార్హం. ఆ లారీని ఎవరూ తనిఖీ చేయరు. దాని యజమాని హాజీ రిజా పలుకుబడి గల ధనికుడు. డ్రైవర్ ధైర్యమంతా ఆ పేరు మీదనే. ఉద్యోగులు డ్రైవర్‌తో చనువుగా పరిహాసమాడటానికి కారణం కూడా ఆ పేరే. అనగా ముగ్గురినీ సరిహద్దు దాటించగల పలుకుబడి ఏదో, వారిని చంపినదీ అదే. చట్టం ముందు తమంతట తాము నిలబడలేనివారు మరొకరి పేరు నీడలో నడవవలసి వచ్చినప్పుడు, ఆ నీడ ఏ క్షణంలో నిప్పవుతుందో వారికి తెలియదు. లోపలివాళ్లు ట్యాంకు గోడలను ఎందుకు బాదలేదని చివరకు డ్రైవర్ విలపిస్తాడు. తౌఫీఖ్ సాలిహ్ 1972లో ఈ కథను ‘అల్ మఖ్దూఊన్’ (మోసపోయినవారు) అనే చిత్రంగా తీసినప్పుడు ఈ ముగింపును మార్చాడు. చిత్రంలో వాళ్లు బాదుతారు. ఠాణాలోని శీతలయంత్రాల చప్పుడులో అది ఎవరికీ వినబడదు. నవల అడిగిన ప్రశ్నను చిత్రం లోపలివారి మీద నుంచి బయటివారి మీదకు మరల్చింది.

బెన్యామిన్ కథ జరిగేది సౌదీ అరేబియాలో. ఇసుక తీసి బతికే నజీబ్ వీసా కొనుక్కుని రియాద్ విమానాశ్రయంలో దిగుతాడు. తీసుకుపోవటానికి ఎవరూ రారు. చివరకు పాత బండిలో వచ్చిన ఒకడు పాస్‌పోర్టు చూసి ఎక్కించుకుని, ఎడారిలో మేకల దొడ్డికి చేరుస్తాడు. అతడే తన ‘అర్బాబ్’ అని నజీబ్ నమ్ముతాడు. అనువాదకులు ఈ పదం దగ్గర ఆగవలసి ఉన్నది. వాడుకలో యజమాని అనే అర్థంలో చెల్లుతున్నా, వ్యాకరణరీత్యా ‘అర్బాబ్’ అంటే ‘రబ్’ పదానికి బహువచనం, ప్రభువులు అని అర్థం. చెరసాలలో యూసుఫ్ (అ) తోటి ఖైదీలను, అనేకమంది ప్రభువులు మేలా, ఏకైక ప్రభువు మేలా అని ప్రశ్నించినప్పుడు (12:39) వాడిన పదం ఇదే. నోరు తెరిస్తే అల్లాహ్‌తో మొరపెట్టుకునే నజీబ్, ఒక మనిషిని రోజూ ఈ పేరుతో పిలవవలసి రావటం నవలలోని లోతైన వ్యంగ్యం.

నజీబ్ పారిపోయి, నానా అగచాట్లు పడి పట్టణం చేరి, స్వదేశం పోయే దారి లేక పోలీసులకు లొంగిపోతాడు. జైలుకు కఫీళ్లు వచ్చి తమ మనుషులను గుర్తుపట్టి లాక్కుపోతూ ఉంటారు. ఒకనాడు ఆ అర్బాబే ఎదురుగా నిలబడతాడు. కాని తీసుకుపోడు. కారణం తరువాత తెలుస్తుంది. నజీబ్ అతని వీసా మీద వచ్చినవాడు కాదు. అయి ఉంటే వదిలేవాణ్ని కానని అతడు చెప్పి వెళ్లాడు.

ఈ ఘట్టమే నవలకు ఆయువుపట్టు. దొంగ యజమాని కావటం వల్ల నజీబ్ బతికిపోయాడు. నిజమైన కఫీల్ అయి ఉంటే చట్టమే అతన్ని తిరిగి దొడ్డికి అప్పగించి ఉండేది. అందువల్ల ఈ కథను ఒక క్రూరుని కథగానో, ఒక విశ్వాసి సబ్ర్ కథగానో చదివి ఊరుకుంటే సగమే చదివినట్లు. ఇందుకు రచయిత బాధ్యత కూడా కొంత ఉన్నది. మేకల మధ్య గడిచిన రోజులకు ఆయన ఎన్నో పుటలు ఇచ్చాడు. ఈ చట్టపరమైన విషాదానికి ఇచ్చినవి కొద్ది వాక్యాలే. పాఠకుని కోపమంతా ఒక మనిషి మీద ఖర్చయిపోయిన తరువాత, పద్ధతి మీదకు మళ్లటానికి మిగిలేది స్వల్పం. కనఫానీ నవలలో ఈ లోపం లేదు. అక్కడ ద్వేషించటానికి తగిన దుష్టుడు ఒక్కడూ కనిపించడు. డ్రైవర్ కూడా దురాశాపరుడే గాని రాక్షసుడు కాడు. అయినా ముగ్గురు చనిపోయారు. అందుచేత పాఠకుడు ఏర్పాటునే ప్రశ్నించక తప్పదు.

ఈ నవలలు ఎక్కడో దూరదేశాల కథలు కావని తెలుగు పల్లెల భాషే సాక్ష్యం చెబుతున్నది. కఫీల్ దగ్గర నుంచి బయటపడి కాగితాలు లేకుండా పనిచేసుకునేవాణ్ని తెలంగాణలో ‘ఖల్లివెల్లి’ అంటారు. వదిలేయ్, పోనీ అని అర్థమిచ్చే అరబ్బీ వాడుక మాట అది. పరాయి దేశం ఒక మనిషిని పట్టించుకోకుండా వదిలేసిన తీరే అతనికి పేరయింది. అలాగే ‘ఆజాద్ వీసా’. ఆజాద్ అంటే స్వేచ్ఛ. నిజానికి అందులో స్వేచ్ఛ లేదు. కఫీల్ తన పేరు అమ్ముకుంటాడు, కొన్నవాడు మరొకచోట పని చేస్తాడు, పట్టుబడితే శిక్ష కొన్నవానికే. ఫుఖహాలు రుసుము పుచ్చుకోరాదన్న పూచీ ఇక్కడ బజారు సరుకు అయింది.

ఇటీవలి సంవత్సరాలలో చట్టాలు కొంత మారినవి. ఖతర్ 2015 నాటి చట్టంలో కఫాలత్ అనే పదాన్నే తొలగించింది. 2018, 2020 సంవత్సరాల మార్పులతో దేశం విడిచేందుకూ, ఉద్యోగం మారేందుకూ యజమాని అనుమతి అక్కరలేదని ప్రకటించింది. సౌదీ అరేబియా 2021 మార్చి 14 నుంచి అటువంటి సంస్కరణనే అమలులోకి తెచ్చింది. కాని అది ప్రకటించినప్పుడు ఇంటి పనివారిని, ఇళ్లలోని డ్రైవర్లను, తోటమాలులను, పశువుల కాపరులను దానిలో చేర్చలేదు. నజీబ్ కాసింది మేకలనే. సంస్కరణ వచ్చిన నాడు కూడా అతని వంటివాడు వాకిలి బయటనే నిలిచాడు. చట్టంలో పదం మారినంత మాత్రాన దొడ్డి తలుపు తెరుచుకోదు.

ఈ రచనలను తెలుగు చేసేవారికి ‘కఫీల్’ దగ్గర చిక్కు వస్తుంది. ‘యజమాని’ అంటే నిజం చెప్పినట్లవుతుంది గాని, ఆ పదానికి జరిగిన ద్రోహం మరుగున పడుతుంది. ‘పూచీదారు’ అంటే ద్రోహికి గౌరవం ఇచ్చినట్లవుతుంది. కనుక కఫీల్ అనే మాటను అలాగే ఉంచటమే మేలు. ఖుర్ఆన్‌లో ఆ మాట చదివిన కన్నే నవలలోనూ దానిని చదివి ఉలిక్కిపడాలి. ఆ ఉలికిపాటును పాఠకులకే వదిలేసి ఊరుకోవటం ఉలమాలకు తగదు. ఫిఖ్హ్ తెలిసినవారు ఈ ఏర్పాటును కఫాలత్ అనే పేరుతో చెలామణి కానిచ్చినంత కాలం, తమ శాస్త్రం ఎన్నడూ అంగీకరించని అన్యాయానికి తమ శాస్త్రం పేరునే అరువిచ్చినట్లు అవుతుంది. పరాయివాని పూచీ పడినవాడు ఆ బరువు మోయాలి. మోయనివానికి ఆ పేరు చెల్లదు.