సుమతీకథ: రోగిపరిచర్య

మారన మార్కండేయపురాణము ఓరుగంటి సీమకు దగ్గఱిచుట్టము. తిక్కనకు శిష్యుఁడనని చెప్పికొన్న యీ కవి తన గ్రంథమును కాకతి ప్రతాపరుద్రుని సేనాని యగు నాగయగన్నని కంకితము చేసెను. 1323లో ఆ రాజ్యము కూలినది, పురాణము నిలిచినది. అందలి కథలలో తెలుగువారి నోట మిక్కిలి నలిగినది సుమతీకథ. అయినను కథ చెప్పువారు సాధారణముగా ఆమె సూర్యుని ఆపిన ఘట్టమునే పొగడుదురు. అంతకుముందు ఆమె చేసిన పనిని ఒక్కమాటతో దాఁటివేయుదురు. ఈ దాఁటివేఁత కథకు అన్యాయము.

కథ ప్రసిద్ధమే. ప్రతిష్ఠానపురమున కౌశికుఁడను విప్రుఁడు కుష్ఠరోగి. అతఁడొక వేశ్యను కోరఁగా భార్య అతనిని మోసికొని చీఁకటిలో నడచును. కొఱతపై నున్న మాండవ్యునికి కౌశికుని కాలు తగులును. తన్ను కదల్చినవాఁడు సూర్యోదయమునకు మడియునని ముని శపించును. అట్లయిన సూర్యుఁడే ఉదయింపకుండుఁగాక యని సుమతి పలుకును. లోకము చీఁకటిలో మునుఁగఁగా దేవతలు అనసూయను ప్రార్థింతురు. ఆమె వచ్చి సుమతిని ఒప్పించి, మడిసిన భర్తను నీరోగునిగా బ్రతికించును.

సంస్కృతమూలమున పరిచర్యావర్ణనము మిగుల చిన్నది. కాని ప్రతిమాటయు చూచి వ్రాసినట్లున్నది. పాదములొత్తుట, ఒడలు పట్టుట, స్నానము చేయించుట, బట్టకట్టుట, అన్నము పెట్టుట; శ్లేష్మమును, మలమూత్రములను, నెత్తురును కడుగుట; తుదకు ప్రియముగా మాటలాడుట. ఇందు అలంకారమేదియు లేదు. ఇది పనుల పట్టిక. పరిచర్య యనునదియు పనుల పట్టికయే గదా. చరకుఁడు చికిత్సకు నాలుగు పాదములను చెప్పుచు వైద్యునితోను, ఔషధముతోను, రోగితోను సమానముగా పరిచారకుని నిలిపెను. ఉపచారము తెలియుట, నేర్పు, అనురాగము, శౌచము అను నాలుగును ఆ పరిచారకుని గుణములు. అనురాగము వీనిలో ఒకటి మాత్రమే. పతివ్రతాకథలు చెప్పువారు తక్కిన మూఁటిని మఱచి అనురాగమునే మహిమగా పెంచిరి. పురాణకర్త మఱవలేదు.

మఱియొక సత్యమును గూడ పురాణము దాఁచలేదు. అంత సేవ పొందియు కౌశికుఁడు తీవ్రకోపముతో ఆమెను గద్దించుచుండెను. రుగ్ణుని విసుగు దూరపువారిపై పడదు. దినదినము చెంతనుండు వారిమీఁదనే పడును. వేశ్యాగృహప్రయాణమును సమర్థింప నక్కఱలేదు. భార్యసేవకు హద్దే లేదని చాటుటకై కూర్చిన యీ భాగము కథలోని లోపమే. కాని రోగిని మంచివానిగా చేయక యథాతథముగా చూపుట లోపము కాదు, అది ధైర్యము.

ఇంక సూర్యుని ఆపుట. ఇది తపోమహిమయని చెప్పి ఊరకున్నచో కథ సగమే తెలిసినట్లు. ఓరుగంటి సీమలోనిదే యగు డోర్నకల్లు నేఁడు మహబూబాబాదు జిల్లాలో రైలుకూడలి. కాజీపేట విజయవాడల నడిమి బాటనుండి భద్రాచలము రోడ్డు శాఖ ఇచట చీలును. ఆ చుట్టుపట్ల పల్లెలలో వ్యాధి ముదిరిన భార్యనో భర్తనో వరంగల్లునకో హైదరాబాదునకో తీసికొని పోవువారికి ఇదియే తొలిమజిలీ. ఆస్పత్రిలో రోగికి మంచము దొరకును. తోడువచ్చినవారికి మంచముక్రింది నేలయో వసారాయో దొరకును. మందులచీటితో తిరుగుట, పరీక్షలకు వరుసలో నిలుచుట, సెలైను సీసా ఎంత దిగెనో చూచుచు మేలుకొనుట; ఇట్లు వారములు గడచును. తెల్లవాఱఁగానే డాక్టరు వచ్చి ఒకమాట చెప్పును. ఆ మాటకు వెఱచి, ఈ రాత్రి తెల్లవాఱకుండిన బాగుండునని కోరని తోడు ఎవ్వరు? సుమతి శపథము ఆ కోరికకే పురాణరూపము. మాటకు శక్తి యుండుట యొక్కటే భేదము.

అయితే తెల్లవాఱకున్న లోకము నడవదు, యజ్ఞములాఁగును. రోగియు ఆ చీఁకటిలో రోగిగనే యుండును. ఇచట అనసూయ వచ్చుట కథకు శిఖరము. ఆమె వచ్చినవెంటనే సూర్యుని మాట ఎత్తదు. భర్తముఖమును చూచి సంతసించుచున్నావా యని మొదట సుమతి కుశలమడుగును. ఇంతకాలమును భర్త కుశలమే కథకు విషయము. సుమతి కుశలమడిగినవారు ఇంతవఱకు లేరు. అడిగిన పిమ్మటనే అనసూయ అభయమిచ్చును, సుమతి సమ్మతించును. అర్ఘ్యమెత్తి పిలువఁగా సూర్యుఁడు వచ్చును. భర్త ప్రాణములు విడిచి ఒరుగును. పడుచున్న ఆ దేహమును సుమతి పట్టుకొనెనని మూలము చెప్పుచున్నది. మహాద్భుతము జరుగు క్షణమునను ఆమె చేతులు చేసినది నిత్యము చేయు పనియే. ఈ యొక్క వాక్యమునకై ఆ కథ నెన్నిసార్లయినను చదువవచ్చును.

తక్కిన కథలతో పోల్చిన దీని విలువ స్పష్టమగును. సావిత్రి భర్తకు ఏఁడాదియే ఆయువని యెఱిఁగి, ఆ యెఱుకను లోనడఁచికొని దినములు లెక్కించును. ఇది సుమతి బాధకు మిక్కిలి చేరువ. కాని యామెకు యమునితో వాదమే గాని, తన్ను పలుకరించు అనసూయ లేదు. రురువు పాముకాటునకు మడిసిన ప్రమద్వరకు తన యాయువులో సగమిచ్చును. పురుషుఁడు స్త్రీకై చేసిన ఈ త్యాగము గొప్పదే; అయినను ఒక్క క్షణమున ముగిసినది. మలమూత్రములు కడిగి నెలలు గడపిన భర్త మన ప్రాచీనకావ్యములలో అరుదు. ఆధునికవచనమున ఈ కొఱఁతను కొంత తీర్చినవి జవహర్‌లాల్ నెహ్రూ పుటలు. ఆయన 1935 సెప్టెంబరులో ఆల్మోరా కారాగారమునుండి విడుదలయై జర్మనీలోని బాడెన్‌వైలరునకు పోయి, దినమునకు రెండుమాఱులు నడచి శానిటోరియములోని కమలను చూచుచుండెను. ఆమె 1936 ఫిబ్రవరి 28న లోజానులో మరణించెను. ఆ పుటలలో మహిమ లేదు. నడక, పఠనము, మౌనము కలవు. పరిచర్య నిజస్వరూప మదియే.

కావున సుమతీకథను పాఠశాలలలో పాతివ్రత్యమునకు మాత్రమే దృష్టాంతముగా బోధించుట చాలదు. పరిచర్య భార్యకే ధర్మమని దానినుండి గ్రహించుట తప్పు. అది భర్తకును ధర్మమే. రోగికి తోడు కావలెను. ఆ తోడునకును తోడు కావలెను. కథ పేరు సుమతిదైనను, అందలి నీతి అనసూయది.