వేసవిలో చేతికో బంతి

బడుల్లో బాస్కెట్‌బాల్‌కి రెండు సీజన్లుంటాయి. జూన్‌లో బడి తెరిచాక సెలక్షన్లు, జిల్లా పోటీలు, చప్పట్లు, కప్పులు. అదొకటి. ఏప్రిల్ చివర బడికి తాళం పడ్డాక ఎవరూ చూడకుండా గడిచిపోయేది రెండోది. చెయ్యి తయారయ్యేది ఈ రెండోదాంట్లోనే.

షూటింగ్‌కి బుట్ట కావాలి, పాసింగ్‌కి తోడు కావాలి. డ్రిబ్లింగ్‌కి ఒక బంతి, నాలుగు గజాల గట్టి నేల ఉంటే చాలు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కోర్టులు తక్కువేగానీ గట్టి నేలకి కరువు లేదు. పంచాయతీ ఆఫీసు ముందు గచ్చు, సముద్రం వారన తుఫాను షెల్టరు వరండా, ఇంటి డాబా (కింద కునుకు తీసే తాతగారు ఒప్పుకుంటేనే సుమా). కళింగపట్నం, బారువ ఇసుకలో మాత్రం బంతి లేవదు. అక్కడ చేసే పని వేరే ఉంది.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటని తయారుచేసినప్పుడు అసలు డ్రిబ్లింగే లేదు. బంతి పట్టినవాడు అడుగు కదపకుండా అక్కణ్ణుంచే విసరాలి. చుట్టూ మూగినప్పుడు దారి దొరక్క ఆటగాళ్లు బంతిని నేలకి కొట్టి మళ్లీ తామే అందుకోవడం మొదలెట్టారు. ఇరకాటంలో పుట్టిన ఆ ఉపాయమే ఇవాళ ఆటకి ప్రాణం. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాక, అక్కడ తర్ఫీదైన మాస్టార్లతో ఈ ఆట దక్షిణాది బడుల్లోకి నడిచొచ్చింది.

సాధన ఇసుకలోనే మొదలెట్టొచ్చు. బంతిని నేలకి కొట్టకుండా తల చుట్టూ, నడుము చుట్టూ, మోకాళ్ల చుట్టూ తిప్పాలి. తర్వాత కాళ్ల మధ్యనుంచి ఎనిమిది అంకెలాగా. బంతి జారిపోతూనే ఉంటుంది, వంగి తీస్తూనే ఉండాలి. వేళ్లకి బంతి బరువు తెలిసేది అప్పుడే.

గచ్చు మీదికొచ్చాక మోకాళ్లు వంచి, తలెత్తి నిలబడి, ఒంటి చేత్తో గట్టిగా కొట్టాలి. కొట్టడమంటే అరచేత్తో చరచడం కాదు, వేళ్లతో కిందికి తొయ్యడం. కాసేపయ్యాక చెయ్యి తిప్పి చూసుకోండి. వేళ్ల కండలకీ, వేళ్ల మొదళ్లకీ ఎర్రదుమ్ము అంటి, అరచేతి నడిమి గుంట శుభ్రంగా ఉంటే బంతి పడాల్సిన చోటే పడుతున్నట్టు. గుంట కూడా ఎర్రబడితే చరుస్తున్నట్టే. చెయ్యి బంతి కిందికి పోయి మోస్తే మ్యాచ్‌లో రిఫరీ విజిల్ తప్పదు.

కుడిచేతికి ఎంతసేపో ఎడమచేతికి అంతకు రెట్టింపు. దీనికి చాలామంది పిల్లలు ఒప్పుకోరు. ఎడమచెయ్యి మొద్దుగా ఉంటుంది, పక్కవాళ్లు నవ్వుతారు. కానీ ఎదటి జట్టు మొదట కనిపెట్టేది ఆ మొద్దు చేతినే. కనిపెట్టాక ఆట మొత్తం అటే తోస్తారు. క్రాసోవరులో, అంటే బంతిని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చేటప్పుడు, అది మోకాలికంటే కిందనుంచి దాటాలి. పైనుంచి దాటితే అది ఎదటివాడి చేతికి మనమే అందించిన బంతి అవుతుంది.

అన్నిటికంటే కష్టం రెండు బంతులతో ఒకేసారి. మొదట రెండూ కలిపి, తర్వాత ఒకటి లేస్తుంటే ఇంకొకటి పడేలాగా. మన తప్పెటగుళ్ల బృందాన్ని చూసినవాళ్లకి ఇది వింతనిపించదు. గుండె మీది రేకు తప్పెటని రెండు చేతులా వాయిస్తూ, గజ్జెల కాళ్లతో గెంతుతూ, నోటితో పాడుతూ ఒక్కసారైనా తప్పెట వైపు చూడరు వాళ్లు. బంతి విషయంలోనూ అంతే. ఎదురుగా తమ్ముణ్ణి నిలబెట్టి, వాడు చూపించిన వేళ్లెన్నో చెబుతూ డ్రిబుల్ చెయ్యమనండి. మ్యాచ్‌లో ఎనిమిది సెకన్లలో సగం కోర్టు దాటాలి, ఇరవైనాలుగు సెకన్లలో షాట్ వెయ్యాలి. నేల చూపులు చూసేవాడికి ఆ టైము చాలదు.

ఎండల్లో ఉదయం ఏడుకి ముందు, సాయంత్రం అయిదు తర్వాతే. ఎండలో పడేసిన బంతిలో గాలి వ్యాకోచించి మామూలుకంటే ఎక్కువ ఎగురుతుంది, చెయ్యి లెక్క తప్పుతుంది. ఇంటికెళ్లి చల్లగా తరవాణి తాగితే ఇంకే డ్రింకూ అక్కర్లేదు.

ఒంటరి సాధన ఈ నేలకి కొత్తేమీ కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరం వ్యాయామశాలలో కండ పెంచి, సైదాపేటలో శిక్షణ పొంది వచ్చి వ్యాయామం నేర్పిన మాస్టారే, కలియుగ భీముడు కాకముందు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో బరువులెత్తడం మొదలెట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. జనం చూసింది ఆ ఒక్కరోజునే.

పొడుగు లేదని వెనక్కి తగ్గే పిల్లలకి ఈ విద్య మరీ అవసరం. అయిదడుగుల మూడంగుళాల మగ్సీ బోగ్స్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. బంతి మీద అదుపు లేకపోతే అది జరిగేది కాదు.

పీఈటీ మాస్టార్లకి ఒక్క విన్నపం. సెలవులివ్వగానే బంతులన్నీ ఆటల గదిలో పెట్టి తాళం వేస్తారు, జూన్‌లో తీసేసరికి సగం గాలి పోయి ఉంటాయి. ఈసారి రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని వాటిని పిల్లలకివ్వండి. ఒకటో రెండో అరిగిపోయి తిరిగొచ్చినా మంచిదే.