ఊదారంగు చదరం: సీ.ఎస్.ఎస్. కొత్త చిహ్నం

రజకులు నల్లజీడి రసంతో బట్ట అంచున పెట్టే గుర్తు చాలా చిన్నది. అయినా ఎన్ని ఉతుకులకూ చెరగదు. ఎవరి బట్టో చూడగానే తెలుపుతుంది. 2024 నవంబరులో సీ.ఎస్.ఎస్.కు వచ్చిన కొత్త చిహ్నాన్ని కూడా ఈ కొలతతోనే చూడవచ్చును.

సీ.ఎస్.ఎస్. అంటే వెబ్ పుటకు రూపమిచ్చే నియమావళి. సురంగల్‌లో ఒక విద్యార్థి సెల్‌ఫోనులో తెలుగు పుట తెరిస్తే, అక్షరాల పరిమాణం, రంగు, పంక్తుల ఎడం నిర్ణయించేది ఇదే. దీనిని 1994లో హాకన్ వియుమ్ లీ ప్రతిపాదించాడు. ఇంతకాలం వాడుకలో ఉన్న గుర్తు నీలి డాలు మీద 3 అంకె. మూడవ కూర్పు తరువాత మొత్తానికి ఒకే అంకె ఇచ్చే పద్ధతి పోయి, భాగాలు విడివిడిగా పెరుగుతున్నవి. కాబట్టి ఆ 3 అర్థం లేనిదైపోయినది. హావి అగిలార్ గీసిన కొత్త చిహ్నాన్ని వెబ్ పనివారు బహిరంగంగా చర్చించి, ఓటు వేసి ఎన్నుకొన్నారు.

దీని బలమంతా రంగులో ఉన్నది. సీ.ఎస్.ఎస్. మీద గ్రంథాలు వ్రాసిన ఎరిక్ మేయర్ కుమార్తె రెబెక్కా, 2014 జూన్ 7న, తన ఆరవ పుట్టినరోజుననే, మెదడు క్యాన్సరుతో మరణించినది. తోటి నిపుణులు ఆమెకు ఇష్టమైన ఊదారంగుకు ఆమె ముద్దుపేరు పెట్టదలచారు. ఆరేళ్ళు వచ్చాక తనను రెబెక్కా అనే పిలవాలని ఆ పాప కోరినది; ఆరేళ్ళ పిల్లగా ఆమె బ్రతికినది దాదాపు పన్నెండు గంటలు. అందుచేత తండ్రి పూర్తి పేరే అడిగాడు. అదే నియమావళిలో చేరినది. ఎరుపు 102, ఆకుపచ్చ 51, నీలం 153, అంటే 2:1:3 పాళ్ళలో మూడు కాంతులు కలిస్తే ఆ ఛాయ వస్తుంది. చిహ్నం మీద పాప పేరు లేదు, కథ లేదు. అది మంచిదే, దుఃఖాన్ని అలంకారం చేయలేదు. పైగా ఈ రంగుపై తెల్లని అక్షరాల కాంతిభేదం సుమారు 8.4:1, మామూలు పాఠానికి 4.5:1 చాలునంటారు.

ఆకారం మాత్రం అరువు సొమ్ము. చదరంలో క్రింద కుడిమూలన అక్షరాలుంచడం 2011 నాటి జావాస్క్రిప్టు గుర్తు పద్ధతి. రెండూ పక్కపక్కన పెడితే ఒకింటివిగా కనబడతాయి, నిజమే. కాని 16 బిందువుల చదరానికి కుదిస్తే ఒక్కొక్క అక్షరానికి మూడు నాలుగు బిందువులే దక్కుతాయి. రెండు ‘ఎస్’లూ అలుక్కుపోతాయి. నల్లజీడి గుర్తు అక్కడ ఓడదు. పైగా, నియమాలు జలపాతంలా ఒకదానిపై ఒకటి దిగిరావడమే ఈ పరిజ్ఞానపు జీవం, పేరులోని మొదటి మాటకు అర్థమూ అదే. బొమ్మలో దాని జాడ లేదు. మూడు మూలలు గుండ్రనై, ఎడమ పైమూల ఒక్కటే మొనదేలి ఉండడం మటుకు ముచ్చటగా ఉన్నది. మూలలను ఒక్కొక్కటిగా గుండ్రన చేయడం సీ.ఎస్.ఎస్. ఒక్క పంక్తిలో చేసే పని.