కలుగు చదివిన చేయి

బోధన్ దాటి రుద్రూర్, వర్ని వైపు వెళ్తే నిజాంసాగర్ కాలువ కింద మడి గట్ల మీద తడి మట్టి కుప్పలు కనిపిస్తాయి. నిజామాబాద్ కాలనీల్లో ఇరుగుపొరుగు కలిసి ఖాళీ ప్లాట్లలో వేసుకునే బెండ, టమాట మళ్ల ఒడ్డునా అవే కుప్పలు. మట్టి తాజాగానే ఉంటుంది, పక్కన కన్నం మాత్రం కనబడదు. కన్నం ఉంది, లోపలి నుంచి మట్టితో మూసి ఉంది. ఇది చిన్న పందికొక్కు పని. తిట్టుకునే ముందు కాసేపు మెచ్చుకోక తప్పదు. దాన్ని పట్టే పద్ధతులన్నీ దాని పనితనం తెలిశాకే పుట్టాయి.

గడ్డపారతో నిదానంగా తవ్వి చూస్తే పని బయటపడుతుంది. మట్టి మూత వెనక సొరంగం వాలుగా దిగి చీలుతుంది. ఒక చీలిక చివర ఎండుగడ్డి పరిచిన పడక, ఇంకోచోట పిల్లల గది, మరోచోట వరి వెన్నులు కోసుకొచ్చి పేర్చిన గాదె. కిలోకు పైగా వడ్లు దొరికిన కలుగులూ ఉన్నాయి. ఇవి కాక ఒకటి రెండు దారులు నేల పైపొర దాకా వచ్చి ఆగుతాయి. పైన పలచటి మట్టి పొర మాత్రం మిగిల్చి పెట్టుకుంటుంది కొక్కు. పామో పారో ముందు నుంచి వస్తే తలతో ఒక్క పొడుపు పొడిచి పారిపోవడానికి. ఇంత ఇంట్లో తల్లీ పిల్లలు కాకపోతే సాధారణంగా ఉండేది ఒక్కటే.

ఇదంతా తవ్వే పనిముట్టు నోట్లో ఉంది. పైన రెండు, కింద రెండు కుంతకాలు, బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. పంటి ముందు వైపు గట్టి ఎనామిల్, వెనక అంతకన్నా మెత్తని డెంటిన్. కొరికేకొద్దీ వెనక వైపు ఎక్కువ అరిగి, ముందంచు ఉలిలా పదునుగా నిలుస్తుంది. పెదవులు కుంతకాల వెనకే మూసుకుంటాయి కాబట్టి తవ్వేటప్పుడు నోట్లోకి మట్టి పోదు. ఈ పళ్లే చెరకు అడుగు కణుపుల మీద పడితే ఆ గాయాల్లోంచి తెగుళ్లు చేరతాయి, గడలో చక్కెర తరుగుతుంది. పడిపోయిన చెరకులో కొక్కుకు నీడా తిండీ ఒకేచోట దొరుకుతాయి. గడలకు జడ వేసి నిలబెట్టడం ఆ నీడ దొరక్కుండా చేయడానికి కూడా పనికొస్తుంది. బోధన్‌లోని శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు పోయి వరి వచ్చినచోట కొక్కుకు పోయిందేమీ లేదు.

ఇప్పుడు మనిషి పని చూడండి. పద్ధతి తెలిసిన రైతు మొదటి సాయంత్రం మందు జోలికే పోడు. కనబడ్డ ప్రతి కన్నాన్నీ మట్టితో మూస్తాడు, అంతే. తెల్లారి మళ్లీ తెరుచుకున్నవి, పక్కన కొత్త మట్టి పడ్డవి మాత్రమే కాపురం ఉన్న కలుగులు. మిగతావి ఎప్పుడో ఖాళీ చేసినవి. మందు, శ్రమ రెండూ వాటి మీద వృథా కాకుండా ఒక్క రాత్రి ఎదురుచూపు కాపాడుతుంది. ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన మెట్టు ఇదే.

తర్వాత ఎర. నూకలు 96 గ్రాములు, నూనె 2 గ్రాములు, 0.25 శాతం బ్రోమడయోలోన్ పొడి 2 గ్రాములు. కలిపాక అసలు మందు 0.005 శాతం, అంటే లక్షలో 5 పాళ్లు. నూనె లేకపోతే పొడి గింజకు అంటుకోదు. ఎరను 10, 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి కలుగు లోపలికి తోస్తారు. నూకలు చెమ్మగిల్లవు, పిట్టలు ముట్టవు, కాగితం కొరకడం కొక్కుకు ఓ పని కాదు.

అంత తక్కువ మందు ఎందుకు సరిపోతుంది? ఎలుక జాతికి వాంతి చేసుకోవడం రాదు. అందుకే కొత్త తిండిని మొదట కొంచెమే రుచి చూస్తుంది. జింకు ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందు పొట్టలోని ఆమ్లానికి తగిలి ఫాస్ఫీన్ వాయువు పుట్టించి గంటల్లో పని చేస్తుంది. కొంచెం తిని బతికిన ఎలుక ఆ రుచిని మళ్లీ దగ్గరకు రానివ్వదు. అందుకే దాన్ని వాడేముందు రెండు మూడు రోజులు మందు లేని నూకలు పెట్టి అలవాటు చేస్తారు. బ్రోమడయోలోన్‌ది వేరే దారి. రక్తం గడ్డకట్టే ప్రోటీన్ల తయారీకి కాలేయానికి కావలసిన విటమిన్ కె మళ్లీ మళ్లీ వాడకానికి రాకుండా అడ్డుపడుతుంది. ఒంట్లో ఉన్న ప్రోటీన్లు ఖర్చయ్యే దాకా కొన్ని రోజులు కొక్కుకు ఏమీ తెలియదు. నొప్పికీ నూకలకూ సంబంధం దానికి అందదు.

ఈ ఎత్తుగడ పశువుల కొట్టంలో మొదలైంది. 1933 ఫిబ్రవరిలో అమెరికాలోని విస్కాన్సిన్ రైతు ఒకరు చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తం ఉన్న పాలడబ్బాను, చెడిపోయిన స్వీట్ క్లోవర్ గడ్డిని తీసుకుని మంచు తుఫానులో శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలకు వచ్చాడు. ఆ గడ్డిలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం వెంట పోతే 1948 నాటికి వార్ఫరిన్ ఎలుకల మందుగా వచ్చింది. దాన్ని తట్టుకునే ఎలుకలు పుట్టాక వచ్చిన తరం బ్రోమడయోలోన్‌ది.

మందు లేని పనితనం ఇంకా పాతది. కోస్తాలో యానాదులు, తమిళనాట ఇరుళలు ఎలుకలు పట్టడంలో ఆరితేరినవాళ్లు. వాళ్లు వాడే పొగ కుండకు కావలసినవి అడుగున చిల్లు ఉన్న మట్టి కుండ, దాని నిండా ఎండుగడ్డి. నిప్పు రాజేసి, కుండ మూతిని కన్నానికి ఆనించి, చుట్టూ బురద మెత్తి, అడుగు చిల్లులోంచి ఊదుతారు. గాలి నిప్పును దాటుతూ పొగను లోపలికి తోస్తుంది. అసలు గమ్మత్తు తర్వాత ఉంది. కొక్కు దాచుకున్న పలచటి మట్టి పొర నెర్రెల్లోంచి పొగ లేస్తుంది, ఆ చోట్లు మూసేస్తే దానికి దారి లేదు. పెదవులు కాలి, కళ్లు మండే ఈ ఊదుడు తప్పించడానికి చేత్తో తిప్పే ఇనుప పొగ యంత్రాలు కూడా వచ్చాయి.

పట్నపు తోటలో పిల్లలు, కుక్కలు తిరుగుతాయి, మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తినే ప్రమాదమూ ఉంది. అక్కడ ఇనుప తీగెల బోనే మేలు. లోపల కొక్కెం, దానికి కొబ్బరి ముక్క. కొక్కెం పై కొస పొడుగాటి కడ్డీని పట్టి ఉంచుతుంది, కడ్డీ రెండో కొస స్ప్రింగు తలుపును ఎత్తి పట్టుకుంటుంది. ముక్కను లాగగానే కొక్కెం జారి తలుపు పడుతుంది. కొక్కెం ఎంత తేలిగ్గా కదిలితే బోను అంత మంచిది. బరువు చూసి కాదు, వేలితో తాకి చూసి కొనాలి. ఎలుక గోడ వెంబడి నడుస్తుంది కాబట్టి బోను మూతి గోడవారన ఉండాలి. మొదటి రెండు రాత్రులు తలుపు కదలకుండా కట్టి, ముక్క ఊరికే తిననివ్వాలి.

కంపోస్టు గుంటలో వండిన అన్నం వేయడం మానకపోతే, మూత లేని మురుగు కాలువ అలాగే ఉంటే బోను రోజూ నిండుతూనే ఉంటుంది. మడి గట్లు సన్నగా ఉంచమని వరి రైతుకు చెప్పేదీ ఇందుకే, తవ్వుకోవడానికి చోటు దొరకకూడదని. ఒక ప్లాటులో పట్టి పక్క ప్లాటు వదిలేస్తే ఖాళీ అయిన కలుగులోకి పక్కది దిగుతుంది. కాబట్టి కాలనీలో అయినా ఆయకట్టులో అయినా కన్నాలు మూసే సాయంత్రం అందరికీ ఒకటే కావాలి, వరి పొట్ట దశకు రాకముందే కావాలి.