లోటును గీసే విద్య

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ అంకెను తెరమీద ఎన్ని రంగుల్లో చూపినా రైతుకు ఒరిగేదేమీ లేదు. జూన్‌లోనో జులైలోనో పదునైతే విత్తనం పడుతుంది. ఊడలు దిగే వేళ మూడు వారాలు చినుకు రాలకపోతే బుడ్డల (వేరుశెనగ) చేను పశువుల మేతకే మిగులుతుంది. తర్వాత ఏ అక్టోబరులోనో కుండపోత కురిసి, సగటును సరిచేసి పోతుంది. ఖాతాదారుల ముందు చాలామంది పరిచే ఆర్థిక పటాల తీరూ ఇంతే. ఏడాది ఆదాయం నిలువు పట్టీగా నిటారుగా నిలబడి ఉంటుంది. ఏ నెలలో చేతిలో పైసా ఆడలేదో దాన్ని చూసి చెప్పలేం.

ఆ మాట చెప్పగలిగే పటాలను ఈ కరువు సీమలో రైతులే తయారుచేశారు. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అని నోరు తిరగని పేరున్న పథకం 2003లో మొదలైంది. భూగర్భజలాన్ని రైతులే లెక్కగట్టి వాడుకోవాలన్నది దాని ఉద్దేశం. నెదర్లాండ్స్ సాయంతో సాగిన ఏపీవెల్ అనే పథకం దానికి ముందుమెట్టు. తర్వాత ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ చేయి కలిపింది. అనంతపురంతో కలిపి 7 కరువు జిల్లాల్లో ఆడా మగా రైతులు వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం చూశారు, ఆ అంకెలను ఊరి బోర్డు మీద అందరికీ కనబడేలా రాశారు.

అసలు పనితనమంతా రబీకి ముందు జరిగే నీటి బడ్జెట్ సమావేశంలో ఉండేది. ఖరీఫ్ వానలకు భూమిలోకి ఇంకిన నీరెంతో ఒక పక్క రాసేవారు. రబీలో ఎవరెవరు ఏ పంట ఎన్ని ఎకరాలు పెట్టదలిచారో, దానికి ఎంత నీరు కావాలో రెండో పక్క. ఎకరాపై ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు, వేరుశెనగకు 500 అనుకుంటే 20 లక్షలు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే లోటు బయటపడేది. ఇక్కడ వరి వేయొద్దని ఆజ్ఞాపించే అధికారి ఎవరూ లేరు. అయినా చాలామంది తమంతట తామే వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారని ప్రపంచ బ్యాంకు 2010 నివేదిక మెచ్చుకుంది.

ఈ పద్ధతికి దూరపు చుట్టం లండన్‌లో ఉంది. 1786లో విలియం ప్లేఫెయిర్ ఇంగ్లండు ఎగుమతులను ఒక గీతగా, దిగుమతులను మరో గీతగా గీసి, రెంటి నడుమ జాగాకు రంగు పూశాడు. చూసేవాడి కన్ను గీతల మీద కాక ఆ రంగు మీదే ఆగుతుంది. లాభనష్టాల పటం గీసేవారు నేర్వాల్సిన మొదటి పాఠం, నా దృష్టిలో, ఇదే: రాబడినీ ఖర్చునూ చెరో స్లైడులో పెట్టకండి, ఒకే పటంలో ఎదురెదురుగా నిలపండి.

నీటిమట్టం గీయడంలో ఇంకో మెళకువ ఉంది. బోర్డు మీద రాసేది నేల నుంచి నీటి దాకా ఉన్న లోతు. నీరు తగ్గేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. దాన్ని మామూలుగా పైకి గీస్తే ఎండిపోతున్న బోరు ఎదుగుతున్న వ్యాపారంలా కనబడుతుంది. అందుకే లోతును కిందికి గీస్తారు. పెరుగుతున్న అప్పును ఎగబాకే పచ్చగీతగా చూపించే కంపెనీలు ఈ బోర్డులను ఒకసారి చూస్తే బాగుండు.

ఈ బోర్డులకు ముందే, 1980ల చివర, పల్లె స్థితిగతులను పల్లెవాసులే అంచనా వేసుకునే పీఆర్‌ఏ పద్ధతి మన దేశంలో వ్యాపించినప్పుడు పల్లెల్లో జనం నేలమీదే నెలల పట్టిక గీసి, ఏ నెలలో పని, ఏ నెలలో అప్పు, ఏ నెలలో వలస అన్నది గింజలతో, పుల్లలతో చూపేవారు. గీసినవారి ఏడాది జనవరితో మొదలవ్వాలని ఏమీ లేదు, ఉగాదితోనో తొలకరితోనో మొదలవుతుంది. తప్పనిపిస్తే గింజ జరిపితే సరి, పట్టిక మారిపోతుంది. ముద్రించి తెచ్చిన స్లైడులో ఆ వీలుండదు, అందుకే ఎదుటివాడు తలూపి ఊరుకుంటాడు.

వేరుశెనగ రైతుకు అప్పిచ్చే బ్యాంకు మేనేజరు ముందు పెట్టాల్సింది అయిదేళ్ల సగటు రాబడి కాదు. ఆ అయిదేళ్లనూ విడివిడిగా, నెలవారీగా పక్కపక్కన గీయాలి. పెట్టుబడి జూన్, జులైలలో పోతుంది, పంట డబ్బు నవంబరు తర్వాత వస్తుంది, అదీ పండిన ఏడే. వాయిదా తేదీని ఆ పటం మీదే గుర్తుపెడితే, అది ఎన్నిసార్లు ఖాళీ నెలలో పడిందో మేనేజరే లెక్కపెట్టుకుంటాడు.